మిడత గొడుగు

జూన్ 3

వదినకి,

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. పోయిన నెలలో ఫోను మోగి, నువ్వు "ఎవరూ?" అనగానే పెట్టేసిన మనిషిని నేనే. ఆఖరిసారి "ఎవడ్రా వాడు, పనీపాటా లేదా" అని తిట్టావు చూడు, అది కూడా నాకే తగిలింది. నీ గొంతు ఏమీ మారలేదు. మాట్లాడే ధైర్యం చాలక కాగితం తీసుకున్నాను.

బస్సు డిపోలో నా ఉద్యోగం అయిపోయింది. చేతిలో ఒక గోడ గడియారం పెట్టి పంపించారు. ఇంట్లో నేనొక్కణ్ణే కదా, ఆ గడియారం నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కొన్నాళ్ళు గడిపాం. తర్వాత ఏదో పని మీద బస్సులో అటువైపు వెళ్తే మన రేసుల రోడ్డు కనిపించింది. తవ్వేశారు వదినా. గోదాములు కడతారట. అన్నయ్య కారు ఉరుముతూ నిలబడ్డ గీత దగ్గర కంకర కుప్పలున్నాయి. బస్సు దిగి ఇంటికొచ్చాక ఏదీ నోటికి పోలేదు.

మర్నాడే మొదలుపెట్టాను. అన్నయ్య కారుని, మన మిడతని మళ్ళీ కడుతున్నాను. కంగారుపడకు, బొమ్మే. అసలు దానిలో ఎనిమిదో వంతు, మూర కంటే కాస్త పొడుగు. కానీ పేరుకే బొమ్మ. ప్రతి నట్టూ, ప్రతి గొట్టమూ, ఇంజను మీద ప్రతి తీగా ఉండాలని నా పంతం. ఫ్రిజ్జులు బాగుచేసే అతని దగ్గర సన్నటి రాగి గొట్టాలు తెచ్చి, వంచి, టంకం పెట్టి కారు చట్రం నిలబెట్టాను. ముందు చక్రాల పుల్లలకి గిటారు తీగలు వాడాను. వెనక టైర్లు పాత హవాయి చెప్పుల రబ్బరు. వాటిలో ఒకదాన్ని పక్కింటి పిల్లి ఎత్తుకుపోతే మళ్ళీ కోసుకున్నాను.

అన్నయ్యని తీసుకుపోయిన కారుకి బొమ్మ చేస్తానంటావేంట్రా అని నువ్వు అడగొచ్చు.  చేతులు ఊరుకోవడం లేదు, అంతే.

నీ సాయం రెండిటికి కావాలి. సీటు కవరు నువ్వు కుట్టావు కదా, అది నలుపా, ముదురు గోధుమ రంగా? ఫోటోల్లో తెలియడం లేదు. రెండోది, వెనక సంచిలో గొడుగు, అదే మన పారాచూట్. రేసు ముగిసే గీత దాటాక కారుని వెనక్కి లాగిపట్టి ఆపే ఆ గొడుగుని నువ్వే కుట్టావు, ప్రతిసారీ నువ్వే మడిచేదానివి, మమ్మల్నెవర్నీ దగ్గరికి రానిచ్చేదానివి కాదు. ఎలా మడిచేదానివో రాస్తావా?

జవాబు రాయకపోయినా అనుకోను. రాస్తే మాత్రం చాలా సంతోషిస్తాను.

నీ మరిది,
స్పానరు

(అన్నయ్య పెట్టిన ఈ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.)

జూన్ 14

స్పానరూ,

బతికే ఉన్నావన్నమాట. సంతోషం.

నీ ఉత్తరం చూసి ముందు కోపం వచ్చింది, తర్వాత ఇంకా కోపం వచ్చింది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికి నిక్కరు వేసుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లాడివి నువ్వు. నీ చొక్కాలకి గుండీలు కుట్టాను, పరీక్ష తప్పితే మీ అన్నయ్యకి తెలియకుండా దాచాను. ఆయన్ని సాగనంపిన రోజు చెప్పులేసుకుని వెళ్ళిపోయినవాడివి మళ్ళీ ఈ వీధి మొహం చూశావా? ఏ ఊళ్ళో ఉన్నావో కూడా పరాయివాళ్ళు చెబితే తెలిసింది. ఇరవై ఏళ్ళు దాటాక సీటు కవరు రంగు కావలసి వచ్చిందా నీకు?

సరే. కవరు నలుపు కాదు, గోధుమ రంగూ కాదు. వంకాయ రంగు. బట్ట తక్కువైతే ఎడమ పక్కన వేరే ముక్క వేసి కుట్టాను, అది కాస్త వెలిసినట్టుంటుంది. అంత పంతం ఉంటే ఆ ముక్క కూడా వేసుకో. కుట్టు దూరం దూరంగా ఉండేది, దారం తెలుపు.

నా సంగతులంటావా, కొట్టు నడుస్తోంది. స్కూళ్ళు తెరిచేముందు యూనిఫారాలతో ఊపిరాడదు, తర్వాత ఈగలు తోలుకోవడమే. మోకాళ్ళు మొండికేస్తున్నాయి. నా దగ్గర పనిచేసే అమ్మాయి నన్ను చూసి నవ్వుతుంది. ఇంత పేరున్న దర్జీవి, నీ బీరువాలో దుప్పట్లన్నీ ఉండలు చుట్టి ఉంటాయేంటమ్మా అంటుంది. కొట్టులో మడతలన్నీ ఆ అమ్మాయే పెడుతుంది. నాకు విసుగు అని చెప్పాను.

నీ చూపు జాగ్రత్త. ఆ చిన్న చిన్న తీగలతో కళ్ళు పోగొట్టుకోకు. పిల్లికి కాసిని పాలు పొయ్యి, టైర్ల జోలికి రాదు.

వదిన

జూన్ 25

వదినా,

వంకాయ రంగు! అద్భుతం. నేను నల్లరంగు వేసి ఆరబెట్టేశాను. గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను. వెలిసిన ముక్క కూడా వేశాను, ఎడమ పక్కన. తెల్ల దారం కుట్లు సూది మొనతో రంగు చుక్కలుగా పెట్టాను. గడియారాలు బాగుచేసేవాళ్ళ అద్దం కంటికి బిగించుకుంటే అన్నీ కనిపిస్తాయి, బెంగపడకు. నువ్వు చూస్తే నీ కుట్టే అంటావు.

నీ తిట్లన్నీ పడ్డాను. రావలసింది కదా అంటే, నిజమే, రావలసింది. ఆ రోజు నువ్వు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పలకరిస్తే మొహం తిప్పుకున్నావు. ఇంక నేను ఎదురుగా ఉంటే నీకు కష్టమనుకున్నాను. ఇప్పుడా సంగతులెందుకులే.

కారు సంగతి వినిపిస్తాను. ఇంజను అయిపోయింది. పాత లారీ తుక్కులోంచి ఎత్తుకొచ్చిన ఆ ఎనిమిది సిలిండర్ల మొండిదాన్ని ఇప్పుడు అరచేతిలో పెట్టుకోవచ్చు. పొగ గొట్టాలు ఎనిమిదీ వేరువేరుగా పైకి తిరిగి ఉంటాయి కదా, వాటిని రాగి తీగ వేడిచేసి వంచాను. బయటి రేకులు కూల్‌డ్రింకు డబ్బాలు కోసి చేశాను. ఇంటి ఓనరు వచ్చి, ఇంటినిండా పెయింటు కంపేంటి, ఈ వయసులో ఆటబొమ్మలేంటి అన్నాడు. అద్దం ఇచ్చి చూడమన్నాను. కింద కూర్చుని చాలాసేపు చూశాడు. కాఫీ తాగి వెళ్ళాడు, కంపు మాట ఎత్తలేదు.

అన్నయ్య కూర్చునే చోటు ఇవాళ పూర్తిచేశాను. ఆ కారులో మనిషి వెనక చక్రాలకీ వెనకే, కారు చివర్న కూర్చోవాలి. ముందంతా ఇంజనే. వెనక పెద్ద చక్రాలు మిడత కాళ్ళలా లేచి ఉంటాయి, అందుకే ఆ పేరు పెట్టావు నువ్వు. అతని వీపు వెనకే గొడుగు సంచి. ఎడమచేతి పక్కన గొడుగు లీవరు. లీవరు లాగితే కేబులు కదులుతుంది, సంచి మూతకున్న పిన్ను ఊడుతుంది, గొడుగు బయటికి దూకుతుంది. బొమ్మలో కూడా ఇదంతా నిజంగా పనిచేసేటట్టు పెట్టాను.

ఆ లీవరుకి పసుపురంగు వేస్తున్నాను. ఆ ఒక్క రంగు విషయంలో నాకు ఎవర్నీ అడిగే పని లేదు. ఆఖరి రేసు రోజు, కారు గీత మీదికి వెళ్ళబోతుంటే, లీవరు నల్లగా ఉండి చప్పున కనిపించడం లేదన్నాడు అన్నయ్య. పక్కన పెయింటు డబ్బా ఉంటే దట్టంగా పూసేశాను. "ఆరే టైము లేదు, ఇప్పుడు పూశావేంట్రా, చేతికి అంటుకుంటుంది" అని విసుక్కుంటూ వేలితో ముట్టుకుని చూశాడు. అంటింది. నా చొక్కా చేతికి తుడిచి, "ఇదుగో నీ ప్రైజు" అన్నాడు. గ్లవ్సు తొడుక్కున్నాడు. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఆ చొక్కా ఉంది వదినా. ఉతకలేదు. అతని వేలి గుర్తు పక్కన పెట్టుకుని, దాన్ని చూసే రంగు కలుపుతున్నాను.

ఇంక మిగిలింది గొడుగు. దాని గురించి నువ్వు రాయలేదు. అన్నిటికంటే అదే ముఖ్యం. నేను మడిస్తే అబద్ధమవుతుంది. చేతిరుమాలంత పల్చటి గుడ్డ కోసి, సరిగ్గా ఆ రోజు ఎలా మడిచావో అలాగే మడిచి పంపు.

స్పానరు

జూలై 6

మరిదిగారికి,

అర్థమైంది. ఇన్నాళ్ళకి ఎందుకు ఉత్తరం రాశావో ఇప్పుడు అర్థమైంది. సీటు కవరు, వంకాయ రంగు, పిల్లి, ఇవన్నీ పైపైన. నీకు కావలసింది నా మడత.

ఆ రోజు ఎలా మడిచావో అలాగే మడిచి పంపు అంటావా? పంపితే ఏం చేస్తావు, అద్దం పెట్టుకుని ఎక్కడ చిక్కుపడిందో చూస్తావా? నువ్వు చూడాలా, నాకు తెలియదా? ఆ గొడుగు నేను కుట్టాను, నేను మడిచాను, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అది తెరుచుకోలేదు. గీత దాటాక కారు ఆగలేదు. ఇంక ఇందులో ఎవరు చెప్పాల్సింది ఏముంది?

ఆ రోజు నీ మొహం ఎందుకు చూడలేదో కూడా చెబుతాను విను. నువ్వు అడుగుతావని భయపడ్డాను. నీ కళ్ళలో అదే ప్రశ్న కనిపించింది. నువ్వు అడగకుండా వెళ్ళిపోతే, పోనీలే, నా మొహాన అనలేక వెళ్ళిపోయాడు, అంత దయ చూపించాడు అనుకున్నాను. అదే నాకు మిగిలిన మంచిమాట. దాన్ని కూడా లాక్కున్నావు.

నా బీరువాలో దుప్పట్లు ఉండలు చుట్టి ఉంటాయని నవ్వుకుంటూ రాశాను కదూ. ఆయన పోయాక నేను దేన్నీ మడవలేదు. చేతిరుమాలు కూడా. గుడ్డ తీసుకుని మొదటి మడత పెట్టగానే చేతులు చల్లబడిపోతాయి. ఇంత పెద్ద కొట్టు పెట్టుకుని, ఒక చొక్కా మడిచి కవర్లో పెట్టడానికి ఆ అమ్మాయిని పిలుస్తాను.

ఆ బొమ్మలో గొడుగు పెట్టకు. సంచి ఖాళీగా వదిలెయ్యి. అసలు బొమ్మే మానెయ్యి. ఇంక నాకు రాయకు.

జూలై 11

వదినా,

రాయద్దన్నావు. ఈ ఒక్కటీ రాయనివ్వు, తర్వాత నీ ఇష్టం.

 నీ మడతా? ఎవరు చెప్పారు నీకా మాట? గొడుగు చిక్కుపడిందని ఎవరన్నారు? వదినా, ఆ సంచి తెరుచుకోనే లేదు.

సంచి నా దగ్గరే ఉంది. కారు పల్టీలు కొట్టి నుజ్జయింది, లీవరు ఎక్కడ ఊడిపడిందో ఎంత వెతికినా దొరకలేదు, కేబులు ముక్కలు ముక్కలైంది. కానీ సంచికి ఏమీ కాలేదు. ఆ రోజే విప్పి తెచ్చుకున్నాను. మూతకి పిన్ను పెట్టింది పెట్టినట్టే ఉంది. నువ్వు పిన్నుకి కట్టిన ఎర్రదారం కూడా ఉంది. లోపల నీ మడత అలాగే ఉంది, ఇప్పటికీ. గొడుగు బయటికి రాలేక కాదు, దాన్ని ఎవరూ రమ్మని పిలవలేదు. నేను చూశాను కాబట్టి నీకూ తెలుసనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా నీకు తెలుసనే అనుకున్నాను.

ఆ సంచి విప్పితే మడత నేనే చూసుకోవచ్చు కదా, నిన్నెందుకు అడిగాను అంటే, విప్పడానికి చెయ్యి రాలేదు. అది నువ్వు అన్నయ్య కోసం కట్టింది.

ఇంక లెక్క నువ్వే చూసుకో. గొడుగు బాగుంది. పిన్ను బాగుంది. మధ్యలో ఉన్నది కేబులు. ఆ కేబులు నేను వేసింది, స్కూటరు క్లచ్చుది. అన్నయ్య కొత్తది కొందామంటే, బాగానే ఉందిగా, నూనె వేసి బిగిద్దాం అన్నాను. అతను లీవరు లాగి ఉంటాడు, కేబులు లోపలే తెగి ఉంటుంది. ఆ రోజు నువ్వు మొహం తిప్పుకుంటే, సంగతి నీకు తెలిసిపోయిందనుకున్నాను. తెలిసీ నలుగురిలో నన్ను ఒక్క మాట అనలేదనుకున్నాను. నేను కూడా దాన్నే నీ దయ అనుకుని బతికాను.

బొమ్మ ఆపేశాను. బల్ల మీద గుడ్డ కప్పి ఉంచాను. నువ్వు దుప్పట్లు మడుచుకో వదినా. ఆ హక్కు నీకు ఎప్పుడూ ఉంది.

స్పానరు

జూలై 24

నాయనా స్పానరూ,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. నీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్ళు కొట్టు తెరవలేదు. ఆ అమ్మాయి నాకు జ్వరమనుకుని చారెడు మాత్రలు తెచ్చింది.

పిన్ను ఊడలేదన్న మాట చదివి ఏడ్చాను. దాచడమెందుకు, గొంతు వదిలి ఏడ్చాను. తర్వాత, కేబులు నాదే అన్న మాట చదివి, ఒరేయ్ నీ దుంపతెగ, నేను దించిన మూటని నువ్వు ఎత్తుకుంటున్నావేంట్రా అనుకున్నాను. అప్పుడు నీ ముందు ఉత్తరం గుర్తొచ్చింది. పసుపురంగు.

ఆస్పత్రిలో ఆయన వస్తువులు ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. వాచీ, బెల్టు, గ్లవ్సు. నేను ఆ కవరు ఎప్పుడూ విప్పలేదు. ట్రంకు పెట్టె అడుగున వేసి పైన బట్టలు కుక్కాను. మొన్న ఆ అమ్మాయిని ఇంటికి పంపేసి, తలుపు గడియ పెట్టి, ట్రంకు పెట్టె లాగాను.

అవి లేత రంగు తోలు గ్లవ్సు. మరకలున్నాయి, ఏం మరకలో నీకు చెప్పక్కర్లేదు. ఎడమచేతిది తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. అరచెయ్యి చూశాను. వేళ్ళ మధ్య చూశాను. కుట్ల లోపల కూడా, గుండుసూదితో విప్పి చూశాను. నేను దర్జీదాన్ని, కుట్టులో ఇరుక్కున్న సుద్ద చుక్క కూడా నా కంటికి దొరుకుతుంది. కుడిచేతిది కూడా అలాగే చూశాను. పసుపు లేదురా. ఎక్కడా లేదు. దట్టంగా పూశానన్నావు, ఆరలేదన్నావు, వేలితో తాకితేనే అంటిందన్నావు. లీవరు పట్టుకుని లాగిన చేతికి అంటకుండా ఉంటుందా?

ఆయన లీవరు మీద చెయ్యే వెయ్యలేదు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఒక మాట అన్నాడు అప్పట్లో. కారు పల్టీ కొట్టకముందే ఆయనకి స్పృహ తప్పి ఉండవచ్చు, తలలో నరం చిట్లినట్టుంది అన్నాడు. భర్త పోయిన ఆడదాన్ని ఊరుకోబెట్టడానికి ఏదో ఒకటి చెబుతారులే అనుకున్నాను. ఆ రోజు పొద్దున్న తల పట్టేసినట్టుందని రెండుసార్లు అన్నారు. రేసు మానెయ్యమంటే, స్పానరు ఊరుకుంటాడా అని నవ్వి వెళ్ళిపోయారు. ఆ నవ్వొక్కటే గుర్తుంచుకున్నాను, తలనొప్పి మర్చిపోయాను.

ఆయన మనల్ని నమ్మే వెళ్ళారు. మనం ఆయన్ని మోసం చెయ్యలేదు. నువ్వూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఆయనకే చెయ్యి ఎత్తే టైము లేకపోయింది. ఇది తెలిసి మనసు తేలికపడాలి కదా? పడింది. కానీ ఇన్నేళ్ళూ నా మీద నాకు కోపం ఉండేది, ఆ కోపం పక్కన ఆయన లేకపోవడం కొంచెం చిన్నగా కనిపించేది. ఇప్పుడు కోపం లేదు. ఆయన లేరు, అంతే ఉంది. ఇంత పెద్దదా ఇది అనిపిస్తోంది.

ఇందులో ఒక పొట్లం పెట్టాను. తెల్లటి పల్చటి గుడ్డ, చేతిరుమాలంత. ఆయన ఆఖరి రోజు కట్టుకోకుండా ఇంట్లో వదిలేసి వెళ్ళిన మఫ్లరు లోపలి లైనింగు అది. తాళ్ళకి సిల్కు దారం వాడాను. ముందు తాళ్ళన్నీ సమానంగా లాగిపెట్టాను, తర్వాత గుడ్డని అటు సగం ఇటు సగం, గౌను కుచ్చుల్లా ఒకదాని మీద ఒకటి వేసి, చివరికి జిగ్‌జాగ్‌గా మడిచాను. ఆ రోజు ఎలా మడిచానో సరిగ్గా అలాగే. చేతులు చల్లబడలేదు. దాని తర్వాత బీరువాలో దుప్పట్లన్నీ కింద పడేసి మడిచాను, ఆ అమ్మాయి వచ్చి చూసి నాకు నిజంగానే జ్వరం ముదిరిందనుకుంది.

బొమ్మ మీద గుడ్డ తియ్యి. గొడుగు సంచిలో పెట్టు. బొమ్మకి సరిపడా చిన్న పిన్ను ఒకటి, అలాగే ఎర్రదారం కట్టి పంపుతున్నాను, పెట్టు. లీవరుకి పసుపురంగు వెయ్యి. తర్వాత నువ్వే లాగు. నీ కేబులు, నా మడత. ఇది రుజువేమీ కాదు, తెలుసు. బొమ్మ బొమ్మే. అయినా అది ఎలా ఉంటుందో ఒక్కసారి తెలుసుకోవాలని ఉంది నాకు. తెరుచుకున్నా తెరుచుకోకపోయినా ఉన్నదున్నట్టు రాయి.

నీ వదిన

ఆగస్టు 1

వదినా,

పొద్దున్నే పొట్లం వచ్చింది. చేతులు కడుక్కుని విప్పాను.

సంచిలో పెడితే అంగుళం తేడా లేకుండా పట్టింది. కొలతలేమీ అడగకుండా ఎలా మడిచావో నీకే తెలియాలి. పిన్ను పెట్టాను. బొమ్మలో కేబులు మార్చి సన్నటి స్టీలు తీగ వేశాను, నూనె వెయ్యలేదు, కొత్తదే వేశాను. లీవరుకి దట్టంగా రంగు పూశాను. అన్నయ్య కూర్చునే చోట నీ వంకాయ రంగు సీటు ఖాళీగా ఉంది. అందులో బొమ్మ మనిషిని పెట్టాలని మొదట అనుకున్నాను. ఇంక పెట్టను.

కారుని బల్ల చివర నిలబెట్టి, ముక్కు వైపు టేబుల్ ఫ్యాను పెట్టాను. ఓనరు మెట్ల మీంచి చూస్తున్నాడు, చూడనీ అనుకున్నాను. ఫ్యాను వేశాక వెంటనే లాగలేకపోయాను. లీవరు మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాను. అతనికి దొరకని టైము నాకు అంత దొరికింది.

తర్వాత లాగాను.

తెరుచుకుంది వదినా. పిన్ను ఊడి, ఎర్రదారం ఎగిరి, కుచ్చులన్నీ ఒకదాని వెనక ఒకటి విడిపోయి, తెల్లగా, గుండ్రంగా నిండింది. తాళ్ళు బిగిశాయి. ఒక్క చిక్కు లేదు. కారు కాస్త వెనక్కి కదిలి ఆగింది. ఫ్యాను ఆపబుద్ధి కాలేదు, ఇంకా తిరుగుతోంది.

ఆదివారం బస్సుకి బయలుదేరుతున్నాను. కారు ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. నీ కుట్టు మిషను పక్కన మూర పైన చోటు చూసి ఉంచు. అన్నయ్య సంచి కూడా తెస్తున్నాను, అది నువ్వే విప్పాలి.

నేను వేలు తుడుచుకోకుండానే కూర్చుని రాస్తున్నాను. ఈ కాగితం కింది మూల పసుపు మరక చూశావా, అది లీవరుది.

నీ మరిది,
స్పానరు